తమ్ముడు రేసు కారెక్కుతానంటున్నాడు, డబ్బు కట్టాలా వద్దా?

ప్రశ్న: మాది విశాఖపట్నం, ఫిషింగ్ హార్బర్ దగ్గర. నాన్న బోటు మీద వేటకు వెళ్తారు. నేను ద్వారకానగర్‌లో ఒక ఆఫీసులో ఉద్యోగం చేస్తున్నాను. తమ్ముడికి 20 ఏళ్ళు, మెకానికల్ డిప్లొమా చదివాడు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ వెళ్ళి హుస్సేన్ సాగర్ పక్కన జరిగిన 'ఫార్ములా-ఈ' అనే ఎలక్ట్రిక్ కార్ల రేసు చూసొచ్చాడు. అప్పటి నుంచి అదే పిచ్చి. చెన్నై దగ్గర రేసింగ్ స్కూల్లో చేరతానని, ఆ తర్వాత పైకప్పు లేని ఓపెన్ కాక్‌పిట్ కార్ల పోటీలకు వెళ్తానని పట్టుబడుతున్నాడు. నేను చీటీ పాడిన డబ్బు ఉంది. అమ్మానాన్నలకు మాత్రం చెప్పొద్దంటున్నాడు. ఆ ప్రమాదాల వీడియోలు చూశాక నాకు నిద్ర పట్టడం లేదు. తల బయటికే ఉంటుంది కదా! ఆ మాటంటే, "ఇప్పుడు తల మీద హాలో అని ఒక కమ్మీ పెట్టేశారక్కా, దాంతో మజా సగం పోయింది. ప్రమాదం లేకపోతే అది రేసే కాదు" అంటాడు. వాడన్నది నిజమేనా? డబ్బు కట్టనా, వద్దా?
(పేరు వద్దు, విశాఖపట్నం)

సమాధానం:

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నేను పదకొండేళ్ళ పాటు, సెలవు దొరికినప్పుడల్లా వైజాగ్‌లో రాత్రి రైలెక్కి దక్షిణాది రేసు ట్రాక్‌లకు వెళ్ళి మార్షల్‌గా పనిచేశాను. మార్షల్ అంటే మలుపు దగ్గర జెండా పట్టుకుని నిలబడే మనిషి. కారు తిరగబడితే మంటలార్పే సిలిండర్ పట్టుకుని అందరికంటే ముందు పరిగెత్తేదీ అతనే. మీకున్న భయమూ, మీ తమ్ముడికున్న పిచ్చీ రెండూ నేను దగ్గర నుంచి చూసినవే. అందుకే ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

ముందు వాడి మాట సంగతి చూద్దాం. మీ నాన్నగారు వేటకు వెళ్ళేది ప్రమాదం కోసమా? చేప కోసం. చేప ఒడ్డున దొరకదు కాబట్టి లోపలికి వెళ్తారు. లోపల గాలీ కెరటమూ ఉంటాయి కాబట్టి జాగ్రత్తలు తీసుకుంటారు. పోర్టులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగిరిందంటే వలలు లాగేసి హార్బర్‌కు తిరిగొస్తారు. వైర్‌లెస్ వచ్చాక, జీపీఎస్ వచ్చాక, లైఫ్ జాకెట్ వచ్చాక వేటలో మజా పోయిందని హార్బర్‌లో ఎవరైనా అనగా మీరు విన్నారా? రేసు కూడా నా దృష్టిలో అంతే. డ్రైవర్ వెతుక్కుంటూ వెళ్ళేది వేగాన్ని. ఇంకా చెప్పాలంటే, టైరు పట్టు వదిలేసే ఆ చివరి అంచును. ప్రమాదం ఆ అంచు పక్కనే కాపురముంటుంది కాబట్టి కుర్రాళ్ళు రెండిటినీ ఒకటే అనుకుంటారు.

ఈ పొరపాటు ఇవాళ్టిది కాదు. 1966లో బెల్జియంలోని స్పా ట్రాక్‌లో వాన మధ్య జాకీ స్టీవార్ట్ అనే బ్రిటన్ రేసర్ కారు ట్రాక్ దాటి పడిపోయింది. స్టీరింగ్ కాలిని నొక్కి పట్టేసింది, ఒంటి మీద పెట్రోల్ కారుతోంది. స్టీరింగ్ విప్పడానికి ఒక పానా కావాలి. ట్రాక్ వాళ్ళ దగ్గర పానా లేదు, దగ్గర్లో డాక్టరూ లేడు. అదే వానలో జారి ఆగిపోయిన తోటి రేసర్లు ఇద్దరు పరిగెత్తుకొచ్చి, రేసు చూడ్డానికి వచ్చిన ఒకాయన దగ్గర పానా అడిగి తెచ్చి బయటికి తీశారు. అప్పటికి 25 నిమిషాలు గడిచిపోయాయి. ఒక్క నిప్పురవ్వ చాలు అక్కడ. ఆ తర్వాత స్టీవార్ట్ తన స్టీరింగ్‌కు ఒక పానా టేపుతో అంటించుకుని రేసులు నడిపాడు. సీటు బెల్టులు కావాలన్నాడు, ట్రాక్ పక్కన గట్టి బారియర్లు కావాలన్నాడు, డాక్టర్లు ఉండాలన్నాడు. ఆటలో మగతనం లేకుండా చేస్తున్నాడని చాలామంది తిట్టిపోశారు. కానీ ఆయన 99 రేసుల్లో 27 గెలిచాడు. 1969, 1971, 1973లో మూడుసార్లు ప్రపంచ ఛాంపియన్. అందరికంటే భద్రత అడిగినవాడే ఆ కాలంలో అందరికంటే వేగంగా నడిపాడు. తమ్ముడికి ఈ కథ చెప్పండి.

ఇక మీరన్న మాట, "తల బయటికే ఉంటుంది కదా" అని. అవును. ఈ కార్ల అందమూ అదే, గండమూ అదే. మూసిన కారులో ఎవరు నడుపుతున్నారో కనబడదు. ఈ కారులో హెల్మెట్ కనబడుతుంది. మలుపులో ఆ తల ఎటు వాలుతోందో, గతుకు మీద ఎలా అదురుతోందో కనబడుతుంది. కారు లోపల ఒక మనిషి ఉన్నాడని మనకు క్షణక్షణం గుర్తుంటుంది. ఇంకోటి చక్రాలు. అవీ బయటికే. ముందు వెళ్ళే కారు వెనక చక్రం తిరుగుతున్నప్పుడు దాని వెనక అంచు నేల నుంచి పైకి లేస్తూ ఉంటుంది. వెనక నుంచి వచ్చిన కారు ముందు చక్రం దానికి తగిలిందా, మెట్టెక్కినట్టు ఎక్కేస్తుంది. కారు గాల్లోకి లేస్తుంది. అందుకే ఈ పోటీల్లో ఒకరినొకరు రాసుకుంటూ తోసుకుంటూ నడపడం కుదరదు. రెండు కార్ల మధ్య జానెడు ఖాళీ ఉంచి, గంటకు 200 కిలోమీటర్ల మీద పక్కపక్కనే మలుపు తిరగాలి. పక్కవాడి మీద నమ్మకం ఉండాలి. ఆ జానెడు ఖాళీలోనే అసలు మజా ఉందని నేనంటాను. హాలో పెట్టినా ఆ ఖాళీ అలాగే ఉంది.

హాలో ఎందుకొచ్చిందో కూడా మీకు తెలియాలి. 2009 జులై 19న ఇంగ్లండ్‌లోని బ్రాండ్స్ హాచ్ ట్రాక్‌లో జరిగిన ఫార్ములా 2 రేసులో వేరే కారు నుంచి ఊడిన చక్రం ఎగిరి వచ్చి హెన్రీ సర్టీస్ తలకు తగిలింది. 18 ఏళ్ళ కుర్రాడు. వాళ్ళ నాన్న జాన్ సర్టీస్ బైకుల్లోనూ కార్లలోనూ ప్రపంచ ఛాంపియన్ అయిన ఏకైక మనిషి. ఆ కుర్రాడి తప్పేమీ లేదు. తన దారిలో తాను వెళ్తున్నాడు. సరిగ్గా ఆరు రోజులకు, జులై 25న హంగరీలో, ముందు కారు నుంచి ఊడిన ఒక స్ప్రింగ్ ఫెలిపె మాసా అనే ఫార్ములా 1 రేసర్ హెల్మెట్‌కు కొట్టుకుంది. బతికాడు, మళ్ళీ నడిపాడు. 2015 ఆగస్టులో అమెరికాలోని పొకోనోలో ఇంకో కారు ముక్కు విరిగి ఎగిరొచ్చి జస్టిన్ విల్సన్ అనే రేసర్ తలకు తగిలింది. ఆయన దక్కలేదు. ఈ ముగ్గురి నైపుణ్యానికీ జరిగినదానికీ ఏ సంబంధమూ లేదు. రోడ్డున పోతుంటే చెట్టు కొమ్మ విరిగి మీద పడినట్టు. ఇలాంటి ప్రమాదంలో ధైర్యానికి పనేముంది? ఇది తీసేస్తే ఆటలో తగ్గేదేముంది? మీ తమ్ముడిని ఈ రెండు ప్రశ్నలూ అడగండి.

2018లో ఫార్ములా 1 కార్లన్నిటికీ హాలో తప్పనిసరి చేశారు. టైటానియంతో చేసిన వంపు కమ్మీ, సుమారు ఏడు కిలోల బరువు. పైనుంచి సుమారు 12 టన్నుల భారం పడినా తట్టుకోవాలి. మన బీచ్ రోడ్డులో తిరిగే డబుల్ డెక్కర్ బస్సును ఆ కమ్మీ మీద ఎక్కించినట్టు ఊహించుకోండి. అది వచ్చినప్పుడు మీ తమ్ముడిలాగే చాలామంది మొహం చిట్లించారు. రొమాఁ గ్రోజాఁ అనే ఫ్రాన్స్ రేసరూ వాళ్ళలో ఒకడు. 2020 నవంబర్ 29న బహ్రెయిన్‌లో మొదటి ల్యాప్‌లోనే, అంటే ట్రాక్ చుట్టూ మొదటి చుట్టులోనే, అతని కారు గంటకు 192 కిలోమీటర్ల వేగంతో ఇనుప బారియర్‌ను చీల్చుకుని లోపలికి దూరిపోయింది. కారు రెండు ముక్కలైంది. మంటలు. దాదాపు 28 సెకన్లు ఆ మంటల్లో ఉండి, తనంతట తానే బయటికొచ్చాడు. చేతులు కాలాయి, ఒక కాలి బూటు లోపలే ఉండిపోయింది. బారియర్ కమ్మీలు తల దగ్గరికి రాకుండా తోసిపెట్టింది ఆ హాలోనే. ఒకప్పుడు తాను వద్దన్న హాలో లేకపోతే ఇవాళ మాట్లాడుతూ ఉండేవాణ్ణి కాదని ఆసుపత్రి నుంచే వీడియోలో చెప్పాడు.

మజా పోయిందా మరి? 2021 ఫార్ములా 1 సీజన్ మీ తమ్ముడు తప్పక చూసే ఉంటాడు. హామిల్టన్, వెర్‌స్టాపెన్ అనే ఇద్దరు రేసర్లు చెరో 369.5 పాయింట్లతో సమానంగా చివరి రేసుకు వచ్చారు. ఆఖరి ల్యాప్ దాకా ఎవరు గెలుస్తారో తెలియదు. అంత ఉత్కంఠ ఫార్ములా 1 చరిత్రలోనే అరుదు. అదే ఏడాది సెప్టెంబర్‌లో ఇటలీలోని మోంజా ట్రాక్‌లో ఏమైంది? వెర్‌స్టాపెన్ కారు హామిల్టన్ కారు మీదికెక్కింది. చక్రం సరిగ్గా హామిల్టన్ తల మీదికి వచ్చి హాలో మీద ఆగింది. ఆ కమ్మీ లేకపోతే డిసెంబర్‌లో ఆ ఆఖరి రేసు ఏ రూపంలో ఉండేది? అసలు ఎవరికైనా చూడబుద్ధి అయ్యేదా? హాలో మజా తీసేసిందనేవాళ్ళకు నేనెప్పుడూ మోంజానే చూపిస్తాను.

ఇక నేను కళ్ళారా చూసినది. ఏ ట్రాకో, ఏ ఏడో చెప్పను. చిన్న తరగతి ఓపెన్ కార్ల రేసు అది. ఆ కార్లకు హాలో లేదు, తల వెనక రోల్ హూప్ అనే ఇనుప వంపు, ముందు ఒక చిన్న కమ్మీ మాత్రమే ఉన్నాయి. పొద్దున స్క్రూటినీ జరుగుతోంది. అంటే రేసుకు ముందు కార్లనూ మనుషులనూ తనిఖీ చేయడం. ఒక కుర్రాడు, మీ తమ్ముడి ఈడువాడే, సీటు కింద అదనంగా ఫోమ్ వేసుకున్నాడు. ఎత్తుగా కూర్చుంటే మలుపు లోపలి అంచు బాగా కనబడుతుంది, అక్కడ అర సెకను కలిసొస్తుందని వాడి లెక్క. తనిఖీ చేసే పెద్దాయన ఒక సన్నటి అల్యూమినియం బద్ద తెచ్చి, ముందున్న కమ్మీ మీద ఒక కొస, వెనక రోల్ హూప్ మీద ఇంకో కొస ఆనించాడు. కారు తలకిందులైతే నేల ఉండేది ఆ బద్ద ఉన్నచోటే. హెల్మెట్ ఆ బద్దకు తగులుతోంది. "ఫోమ్ తీసెయ్" అన్నాడు. వాడు బతిమాలాడు, విసుక్కున్నాడు. సరిగ్గా కనబడకపోతే ఎలా నడపాలి సార్ అని నా వైపు తిరిగి కూడా అడిగాడు. పెద్దాయన వినలేదు. ఫోమ్ తీయించి, మళ్ళీ కూర్చోబెట్టి, బద్దకూ హెల్మెట్‌కూ మధ్య రెండంగుళాల ఖాళీ వచ్చాకే స్టిక్కర్ అంటించాడు.

మధ్యాహ్నం మూడో ల్యాప్‌లో నా మలుపు దగ్గరే వాడి ముందు చక్రం పక్క కారు చక్రం ఎక్కింది. కారు లేచి, తిరగబడి, కంకరలో బోర్లా జారుకుంటూ వెళ్ళి ఆగింది. నేనూ ఇంకొకతనూ పరిగెత్తాం. ఇంజిన్ ఆగిపోయింది, పెట్రోల్ వాసన వస్తోంది. కంకరలో మోకాళ్ళ మీద వంగి లోపలికి చూశాను. వాడు బెల్టులకు తలకిందులుగా వేలాడుతున్నాడు. రెండు చేతులతో భుజం బెల్టులు గట్టిగా పట్టుకుని ఉన్నాడు, నేర్పించినట్టే. రోల్ హూప్ కంకరలో కొంత దిగబడింది. హెల్మెట్‌కూ కంకరకూ మధ్య నా చెయ్యి పెట్టాను. రెండు వేళ్ళు పట్టాయి, ఒకదాని మీద ఒకటి పేర్చి పెట్టినట్టు. ఆ రెండు వేళ్ళ మందమూ పొద్దున తీయించిన ఫోమే. వాడు నన్ను మొదట అడిగిన మాట, "అన్నా, కారు బాగా పోయిందా?" అని. నాకు జవాబు రాలేదు. బెల్టు విప్పొద్దు, అలాగే ఉండు, మెడ పట్టుకుంటాం అని మాత్రం చెప్పాను. డాక్టర్ వచ్చాక కారు ఎత్తి తీశారు. మర్నాడు వాడు నడుచుకుంటూ వచ్చి ఆ పెద్దాయన కాళ్ళకు దండం పెట్టాడు.

ఆ రేసు ఆ ఫోమ్ తీయడం వల్ల చప్పబడలేదమ్మా. మూడు ల్యాపుల పాటు ఆ కుర్రాడు నడిపిన తీరు నాకింకా కళ్ళకు కట్టినట్టుంది. అర సెకను పోతే పోయింది, ఇంకోచోట బ్రేకు ఆలస్యంగా వేసి తెచ్చుకున్నాడు. ఆట అంటే అదే కదా.

అయితే మీ తమ్ముడి మాటలో నిజం అసలే లేదని నేననను. కొన్ని చోట్ల భద్రత పేరుతో ఆటను పలచన చేశారు. మలుపు బయట ఒకప్పుడు గడ్డి, కంకర ఉండేవి. కారు అదుపు తప్పి వాటిలోకి వెళ్తే వేగం పోయేది, ఒక్కోసారి రేసే పోయేది. తర్వాత చాలా ట్రాకుల్లో అక్కడ కూడా తారు పోసేశారు. ఆపడానికి అది మంచిదే. కానీ డ్రైవర్ తప్పు చేసి బయటికెళ్ళినా హాయిగా తిరిగొచ్చేస్తాడు. 2023లో ఆస్ట్రియా రేసులో ఇలా ట్రాక్ అంచు గీత దాటిన అనుమానం ఉన్న ఘటనలు 1200కు పైగా వచ్చాయి. వాటిని తనిఖీ చేసి శిక్షలు వేసేసరికి రేసు అయిపోయిన కొన్ని గంటలకు గానీ ఫలితం తేలలేదు. అది చూసేవాళ్ళకు విసుగే. మరుసటి ఏడాది అదే ట్రాక్‌లో చివరి మలుపుల అంచున సన్నటి కంకర పట్టీ వేశారు. ఎవరి ప్రాణానికీ కొత్త ముప్పు రాలేదు, గీత దాటడం దానంతట అదే తగ్గిపోయింది. నాకు నచ్చే పద్ధతి ఇది. తప్పు చేసినవాడు స్థానం పోగొట్టుకోవాలి, పాయింట్లు పోగొట్టుకోవాలి, ఇంటికి మాత్రం క్షేమంగా వెళ్ళాలి.

వాన విషయం మాత్రం ఎవరికీ పూర్తిగా కొరుకుడు పడలేదు. 2021లో స్పాలో ప్రేక్షకులు గంటల తరబడి వానలో కూర్చున్నారు. చివరికి అందరికీ ముందు నెమ్మదిగా వెళ్ళే సేఫ్టీ కారు వెనక కొన్ని ల్యాపులు నడిపించి సగం పాయింట్లు ఇచ్చి పంపేశారు. అందరూ తిట్టారు. నాకూ బాధేసింది. కానీ 2023 జులైలో అదే ట్రాక్ మీద, అలాంటి వానలోనే, డిలానో వాన్ట్ హాఫ్ అనే 18 ఏళ్ళ కుర్రాడు చనిపోయాడు. ముందు కార్లు లేపిన నీటి తుంపరలో ఎవరికీ ఏమీ కనబడలేదు. జోరువానలో ఆనందపురం దాటాక హైవే మీద లారీ వెనక బండి నడిపినవాళ్ళకు ఆ గుడ్డితనం ఎలా ఉంటుందో కొంచెం తెలుస్తుంది. కంటికి కనబడని చోట నైపుణ్యం చూపించడానికి ఏమీ ఉండదు. అలాంటప్పుడు ఎర్ర జెండా ఊపడమే సబబు. ఎంతమంది టికెట్ డబ్బులు పోయినా సరే.

హాలో ఉంటే ఇక భయం లేదని కూడా అనుకోకండి. 2019 ఆగస్టు 31న స్పాలోనే ఫార్ములా 2 రేసులో ఆంత్వాన్ ఉబేర్ కారు పక్క నుంచి మరో కారు గుద్దుకోవడంతో అతను చనిపోయాడు. హాలో ఉంది, కానీ ఆ దెబ్బ దానికి అందేది కాదు. మాసాకు తగిలిన స్ప్రింగ్ లాంటి చిన్న వస్తువు హాలో సందులోంచి దూరి రావచ్చు. అందుకే అమెరికాలో ఇండీకార్ అనే ఓపెన్ కార్ల పోటీల వాళ్ళు 2020 నుంచి ముందు అద్దం కూడా ఉండే ఏరోస్క్రీన్ పెట్టుకున్నారు. మా మార్షల్స్ సంగతి కూడా చెప్పాలి. 2000లో మోంజాలో, 2001లో మెల్‌బోర్న్‌లో ఊడిన చక్రాలు తగిలి ఇద్దరు మార్షల్స్ చనిపోయారు. వాళ్ళకు కారూ లేదు, కప్పూ లేదు. చక్రాలు ఊడి ఎగరకుండా గట్టి తాళ్ళతో కట్టే ఏర్పాటును ఆ తర్వాత మరింత బలంగా చేశారు. ఇదంతా మిమ్మల్ని భయపెట్టడానికి కాదు. మీ డబ్బు, మీ తమ్ముడు కాబట్టి లెక్క పూర్తిగా తెలిసి ఉండాలని.

ఇప్పుడు మీ ఊరి మాట, నా ఊరి మాట. తమ్ముడికి బైక్ ఉందా? రాత్రి పదకొండు దాటాక బీచ్ రోడ్డులో రుషికొండ మీదుగా భీమిలి వైపు ఎలా వెళ్తాడు? హెల్మెట్ పెట్టుకుంటాడా, మోచేతికి తగిలించుకుంటాడా? పెట్టుకుంటే గడ్డం కింద స్ట్రాప్ బిగిస్తాడా? ఇవి చిన్న ప్రశ్నలు కావు. ఆ రోడ్డు మీద ఎదురొచ్చే బండి ఉంటుంది, ఇసుక ఉంటుంది, కుక్కలుంటాయి, సముద్రం చూడ్డానికొచ్చిన కుటుంబాలు ఉంటాయి. జెండా ఊపే మనిషి ఉండడు, రెండు నిమిషాల్లో వచ్చే డాక్టర్ ఉండడు. ట్రాక్ మీదైతే అందరూ ఒకే వైపు వెళ్తారు. ఒకవేళ మీ తమ్ముడు బీచ్ రోడ్డులో పందేలు వేసేవాడైతే రేసింగ్ స్కూల్‌కు ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. హెల్మెట్ స్ట్రాప్ బిగించే అలవాటు లేనివాడు ఆరు కొసల బెల్టును కూడా వదులుగానే కట్టుకుంటాడు. నేను చూశాను. అలా కాకుండా రోడ్డు మీద నెమ్మదిగా నడిపి, వేగం కోసం ట్రాక్ కావాలని అడిగేవాడైతే వాడి మాట వినండి.

డబ్బు విషయానికొస్తే, చీటీ డబ్బంతా ఒకేసారి పెట్టకండి. మొదటి మెట్టుకు మాత్రమే కట్టండి. కార్టింగ్, అంటే చిన్న రేసు బండ్లు నడపడం, నేర్చుకోనివ్వండి. సరదాకు రౌండ్లు తిరిగేది కాదు, పోటీలకు తయారు చేసేది. అది నచ్చి, అందులో నిలదొక్కుకుంటే అప్పుడు చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాకో, కోయంబత్తూరు కరి ట్రాకో. మన వైజాగ్‌లో ట్రాక్ లేదు కాబట్టి ప్రతిసారీ రైలు ఖర్చు, బస ఖర్చు కలుపుకోండి. కారు దెబ్బతింటే రిపేరు ఎవరు భరించాలో ముందే కాగితం మీద రాయించుకోండి. చాలాచోట్ల అది డ్రైవర్ నెత్తినే పడుతుంది. ముందు రెక్క విరిగిన ఒక్క చిన్న పొరపాటుకు ఒక కుటుంబం అప్పు చేయడం నాకు తెలుసు.

స్కూలుకు మీరు కూడా ఒకసారి వెళ్ళండి. వాడితో పాటు వెళ్ళి, నోరు తెరిచి అడగండి. దేశంలో మోటార్ స్పోర్ట్స్ వ్యవహారాలు చూసే ఎఫ్‌ఎంఎస్‌సీఐ లైసెన్సు, దానికి ముందు వైద్య పరీక్ష ఉంటాయా? ట్రాక్ మీద కార్లు తిరుగుతున్నంత సేపూ అంబులెన్స్, డాక్టర్ అక్కడే ఉంటారా? అంబులెన్స్ ఒకరిని తీసుకుని వెళ్ళిపోతే, అది తిరిగొచ్చేదాకా కార్లు ఆపుతారా? ఈ చివరి ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పేవాళ్ళను నమ్మొచ్చు. కారుకు హాలో ఉందా అని అడగండి. ఇప్పటి ఫార్ములా 4 కార్లకు ఉంటుంది. మన దేశంలో నేర్చుకునే పాత తరగతుల కార్లకు ఉండకపోవచ్చు. అప్పుడు ఆ అల్యూమినియం బద్ద కథ గుర్తు తెచ్చుకుని హెల్మెట్ ఎత్తు చూడమనండి. బైక్ హెల్మెట్ పనికిరాదు, కారు రేసుకు మంటలను తట్టుకునే లైనింగ్ ఉన్నది వేరే ఉంటుంది. మెడను కాపాడే హాన్స్ పరికరం తప్పకుండా ఉండాలి. ఫార్ములా 1లో దాన్ని 2003లోనే తప్పనిసరి చేశారు. బెల్టు మీద గడువు తేదీ కుట్టి ఉంటుంది, అది చూడండి. సూటు లోపల నైలాన్, పాలిస్టర్ బట్టలు వేసుకోనివ్వకండి. వేడికి కరిగి చర్మానికి అంటుకుంటాయి. కారులోంచి ఎంత సేపట్లో బయటికి దూకగలడో వాడి చేత చేయించి చూడండి. ఫార్ములా 1లో ఏడు సెకన్లలో బయటికి రావాలి. కళ్ళు మూసుకుని కూడా బెల్టు బకిల్ చేతికి అందాలి, ఎందుకంటే పొగలో కళ్ళు పనిచేయవు.

ఇంకొక్క సంగతి మిగిలింది. మీ ఉత్తరంలో నన్ను బాధపెట్టింది ప్రమాదం సంగతి కాదు, ఇంట్లో చెప్పొద్దన్న మాట.

రేసుకు ముందు ప్రతి డ్రైవర్ ఒక ఫారం నింపుతాడు. ఏం జరిగినా నా పూచీయే అని సంతకం పెడతాడు. దాని కింద ఇంకో గడి ఉంటుంది, ప్రమాదం జరిగితే ఎవరికి కబురు చేయాలి అని. పేరు, సంబంధం, ఫోన్ నంబరు. ఇప్పుడున్న లెక్క ప్రకారం వాడు అక్కడ మీ పేరు రాస్తాడు. మీరు ఆఫీసులో ఉండగా ఆ ఫోన్ మీకొస్తుంది. అప్పుడు మీరు ఇంటికెళ్ళి, కొడుకు చెన్నైలో ఉన్నాడని కూడా తెలియని తల్లిదండ్రులకు, వాడు రేసులు నడుపుతున్నాడన్న సంగతీ, వాడికి దెబ్బ తగిలిన సంగతీ ఒకే గుక్కలో చెప్పాలి. ఆ బరువు మీ ఒక్కరి మీద ఎందుకు? తమ్ముడు హెల్మెట్ లేకుండా ట్రాక్ ఎక్కనట్టే, మీరూ ఒంటరిగా ఈ బాధ్యత ఎక్కించుకోవద్దు.

నాన్నగారు ఒప్పుకోరని మీ భయం కావచ్చు. నాకెందుకో ఆయన మీరనుకున్నదానికంటే ఎక్కువ అర్థం చేసుకుంటారనిపిస్తోంది. హుద్‌హుద్‌ను చూసిన మనిషి, అలల మీద బోటు నడిపే మనిషి. ఏ గాలికి వెళ్ళొచ్చో, ఏ గాలికి వెళ్ళకూడదో రోజూ తేల్చుకునేవాడు. ఆయన ముందు "ప్రమాదం లేకపోతే మజా లేదు" అని తమ్ముడిని అనమనండి చూద్దాం. ఆయన ఏమంటారో నేను ఊహించగలను. దానికంటే మంచి పాఠం ఏ రేసింగ్ స్కూలూ చెప్పలేదు. అమ్మగారు ఏడుస్తారు, అది తప్పదు. ఆవిడ ఏడుపుకు జవాబు చెప్పాల్సింది కూడా వాడే, మీరు కాదు. ఇద్దరూ కాదంటే ఈ ఏడాదికి ఆగండి. డబ్బు ఎక్కడికీ పోదు, ట్రాకూ ఎక్కడికీ పోదు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, నాన్నగారు ఇంటి పట్టునే ఉంటారు. ఆ రోజుల్లో ఒక సాయంత్రం ముగ్గురూ కూర్చోండి. తమ్ముడు స్కూలు ఫారం తెచ్చి ఆయన ముందు పెట్టి, తన నోటితో చదివి వినిపించాలి. ఆయన సరేనంటే చివరి గడిలో ఆయన పేరే, ఆయన నంబరే రాయించండి. వేటలో ఉన్నప్పుడు ఫోన్ కలవదు కాబట్టి రెండో నంబరుగా మీది.